పొయ్యి రాళ్ళ మీద పసుపు

హామిల్టన్,
18 సెప్టెంబరు 2022

సరోజనక్కకు,

నీ చెవి మిషను పాడయిన దగ్గర్నుంచి నీ చేతిరాత చూసే భాగ్యం కలిగింది నాకు. ఫోనులో అయితే నీ "ఆఁ? ఏంటీ?"తోనే సరిపోయేది. దేశానికి ఆ కొసనున్న సర్రీ నుంచి ఉత్తరం రావడానికి వారం పడితే పట్టనీ, ఇదే బాగుంది.

ఈ రోజు మన త్యాగరాజు కూతురు మమ్మల్ని తన పనిచోటుకి తీసుకెళ్ళింది. కావ్యశ్రీ మా ఇంటికొచ్చి తొమ్మిది నెలలవుతున్నా, తమ్ముడు నన్ను నమ్మి పంపిన పిల్ల కదా, అది బయటికి వెళ్ళిన ప్రతిసారీ నాకు దిగులే. కాలేజీలో టూరిజం చదువుతోందని నీకు తెలుసుగా. ఈ టర్ములో ఎక్కడైనా పని నేర్చుకుని, అక్కడివాళ్ళ చేత బాగా చేసిందని రాయించుకుంటేనే పాసు. దాన్నే ప్లేస్‌మెంట్ అంటారట. దీనికి గ్రాండ్ నది దగ్గర ఒక పాత ఊళ్ళో దొరికింది.

పాత ఊరంటే ఇప్పుడు ఎవరూ ఉండేది కాదు. ఈ నేల ఎవరిదో ఆ మొదటి మనుషుల ఊరు. తవ్వకాల్లో బయటపడిన చోటనే, వాళ్ళ ఇల్లు ఎలా ఉండేదో అలాగే మళ్ళీ కట్టి కాపాడుతున్నారు. మన సత్రాలంత పొడుగు ఇల్లు. చెట్ల బెరడుతో గోడలు. నడుమ వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. డోరిన్ అని, ఆ మొదటి మనుషుల్లోనే మోహాక్ తెగ ఆవిడ, నా వయసే ఉంటుంది, కావ్యకి పైఅధికారి. ఆవిడే అంతా చెప్పింది. ఇల్లు ఆడవాళ్ళదేనట. పెళ్ళయితే మగవాడే అత్తగారింటికి వచ్చి ఉండేవాడట.

మీ మరిది వెంటనే, "అంటే అందరూ ఇల్లరికపుటల్లుళ్ళే! పొరపాటున కూడా ఈ మాట మీ అక్కకి రాయకు" అన్నారు. రాసేశాను.

దక్షిణాన అమెరికాలో చెరోకీ వాళ్ళని ఉన్నారట. వాళ్ళ భాషా మా భాషా ఒక తల్లి పిల్లలు అంది డోరిన్. వాళ్ళనయితే ఇళ్ళలోంచి బయటికి లాగి, వందల మైళ్ళు నడిపించి తోలేశారట. ఆవిడ గొంతు పెంచకుండా చెప్పింది. నా మనసు ఎలాగో అయిపోయింది.

ఒక పొయ్యి దగ్గర మాత్రం కొత్తవి కాదు, తవ్వినప్పుడు దొరికిన అసలు రాళ్ళే ఉంచారు. ఎన్ని వందల ఏళ్ళ మసో, ఇంకా నల్లగా ఉంది. అందరూ బయటికి వెళ్ళాక నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. ఎంతమంది తల్లులు ఆ పొయ్యి మీద గంజి కాచి ఉంటారు! మహాలయ పక్షాలు కూడానూ, ఎవరి పెద్దలయితేనేం అనిపించింది. చేతిసంచిలో పసుపు, కుంకుమ ఉన్నాయి. సీసాలో నీళ్ళతో పసుపు తడిపి, గృహప్రవేశంలో పొయ్యికి రాసినట్టు మూడు రాళ్ళకీ నిండుగా రాసి, బొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి కావ్య గుమ్మంలో ఉంది. ముఖం పాలిపోయింది. పొద్దుట నుంచీ తినలేదు పాపం. కారులో పులిహోర పెడితే కూడా ముట్టలేదు.

ఈ దేశం వచ్చాక ఒక ప్రార్థన ఇంత తృప్తిగా చేయడం ఇదే మొదటిసారి అక్కా.

నీ చెల్లెలు
హైమ

*

సర్రీ,
3 అక్టోబరు 2022

హైమకు దీవెనలు.

ఇల్లరికం సంగతి నాకు రాయకూడదన్న మీ ఆయనకి చెప్పు, నేను చదివి భరద్వాజ్‌కి కూడా వినిపించానని. మా అబ్బాయి, "అమ్మా, ఇక్కడ అద్దెలకి ఎవరైనా ఇల్లరికం పిలిస్తే రేపే వెళ్తారు" అన్నాడు. కోడలు వాసవి చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

పసుపు రాసి మంచి పని చేశావు. రాయి కనిపిస్తే మన ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి ఊరుకోదు. గుంటూరు రోడ్డులో బస్సు ఆగిపోయినప్పుడు అమ్మ దిగి మైలురాయికి బొట్టు పెట్టి, కండక్టరు నవ్వితే "నీకేం తెలుసురా, ఇన్నాళ్ళుగా ఎండలో నిలబడి దారి చెప్తోంది" అనలేదూ! వాసవి మాత్రం "అక్కడ అలా ముట్టుకోనిస్తారా అత్తయ్యా?" అంది. భక్తికి అడ్డేముంటుందమ్మా అన్నాను.

కావ్యని కనిపెట్టి ఉండు. త్యాగరాజు దాన్ని హామిల్టన్ పంపింది నా మాట మీద. ఇక్కడ ప్రతి ఇంటి కింద బేస్‌మెంట్‌లోనూ చదువుకునే పిల్లలు ఆరేడుగురు సర్దుకుని ఉంటున్నారు. నీ ఇల్లు దొరకడం దాని అదృష్టం, అది తెలుసుకునేలా ఉంచు.

సరోజన

*

హామిల్టన్,
30 అక్టోబరు 2022

అక్కా,

కార్తీకం మొదలయింది. ఇక్కడ తెల్లవారుజామున చన్నీళ్ళంటే ప్రాణం పోతుంది కనుక, గోరువెచ్చని నీళ్ళతోనే శివుణ్ణి క్షమించమంటున్నాను.

రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. కావ్య మునుపటిలా లేదు. శనాదివారాలు "ప్లేస్‌మెంట్‌కి వెళ్తున్నానత్తా" అని వెళ్తుంది. వచ్చేటప్పుడు బట్టలు నూనె వాసన. ఆ పాత ఊళ్ళో ఇప్పుడు వంటలేవీ చేయరు కదా! మొన్న మీ మరిదితో ఆసుపత్రిలో పనిచేసే ఆయన దీన్ని బస్టాండు దగ్గర కాఫీ షాపు కౌంటర్లో చూశాడట.

నేను మడిలో ఉన్నాను, అది అలవాటుగా వంటింటి గడప అవతల కంచం పట్టుకుని నిలబడింది. అక్కణ్ణించే అడిగాను.

"ఎక్కడికి వెళ్తున్నావే నిజంగా?"

"షిఫ్ట్‌కి."

"మరి ప్లేస్‌మెంటు?"

"ఆగిపోయిందత్తా."

"ఎందుకాగింది?"

"తప్పు చేశాను, వద్దన్నారు. ప్లీజ్, ఇంకేం అడక్కు."

ఏం తప్పని అడిగితే కంచం అక్కడే పెట్టి కిందకి వెళ్ళిపోయింది. అక్కా, పని పోగొట్టుకునేంత తప్పు ఏముంటుంది? తనతో చదివే సాయి తేజ అనే అబ్బాయి రెండుసార్లు కారులో దింపాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అయినా నాకేదో భయంగా ఉంది. ఈ టర్ము పోతే ఫీజు మళ్ళీ కట్టాలి, ఇక్కడ చదువుకోవడానికిచ్చిన పర్మిట్ సంగతి ఏమవుతుందో. త్యాగరాజుకి చెప్పాలా వద్దా? నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పు.

హైమ

*

సర్రీ,
14 నవంబరు 2022

హైమా,

నీ ఉత్తరం అందిన రోజునే త్యాగరాజుకి ఫోను చేయించాను. నాకు వినపడదు కాబట్టి వాసవి పక్కన కూర్చుని చెప్పింది, నేను మధ్యమధ్యలో అరిచాను. అబద్ధాలు చెప్తోంది, పని ఊడింది, ఎవరో అబ్బాయి కార్లో దింపుతున్నాడు, అన్నీ చెప్పాను. దాచిపెట్టి రేపు మాట పడటం నా వల్ల కాదు.

వాడు ముందు నమ్మలేదు. తర్వాత దానికి ఫోను చేసి నానా మాటలూ అన్నాడట. "మీ అత్తలిద్దరూ తలెత్తుకోలేకుండా చేశావు, చదివింది చాలు, జనవరిలో వచ్చెయ్" అన్నాడట. అది ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదట. తప్పు లేకపోతే నోరు విప్పేది కాదూ!

అంతా నీ మెత్తదనం. చిన్నప్పుడు పిల్లి పాలు తాగుతుంటే "పోనీలే, దానికి ఆకలి" అనేదానివి. మనుషులు పిల్లులు కారు.

సరోజన

*

హామిల్టన్,
28 నవంబరు 2022

అక్కా,

త్యాగరాజుకి ఇంకేమీ చెప్పకు. ఈ ఉత్తరం ముందు నువ్వు ఒక్కదానివే చదువు.

మా లలితా పారాయణం ఆడవాళ్ళు ఆ పాత ఊరు చూస్తామన్నారు. నేనే గొప్పగా వర్ణించి ఉన్నాను మరి. మొన్న శనివారం రెండు కార్లలో వెళ్ళాం. కావ్యకి చెప్పలేదు. వెళ్తే దాని సంగతేదో తెలుస్తుందని కూడా ఉంది నా మనసులో.

తెలిసింది.

ఆ పొయ్యి చుట్టూ ఇప్పుడు నడుమెత్తు కర్రల దడి కట్టారు. లోపల రాళ్ళు పచ్చగా ఉన్నాయి. పసుపు, అక్కా. నా వేళ్ళ గుర్తులు కూడా కనిపిస్తున్నాయి. డోరిన్ నన్ను గుర్తుపట్టలేదు. అప్పుడు చీరలో ఉన్నాను, ఇప్పుడు టోపీ, మఫ్లరు, పెద్ద కోటు. ఆవిడ అందరికీ చెప్పినట్టే మాకూ చెప్పింది. ఆ మసి వాళ్ళ ముత్తవ్వల నిప్పుదట. వాళ్ళ సొంతమని మిగిలిన కొద్దిలో అదొకటి. అందుకే తవ్వి తీసినవాళ్ళని కూడా కడగనివ్వలేదట. ఇప్పుడు రంగు తీయాలంటే మసీ పోతుంది. "ఇక్కడ ట్రైనింగ్‌కి వచ్చిన ఒక విద్యార్థిని చేసింది. నేనే అని ఒప్పుకుంది. ఎందుకో మాత్రం చెప్పలేదు" అంది.

నా పక్కన మా పారాయణం పద్మిని తెలుగులో, "పసుపంటే మన పిల్లే అయ్యుంటుంది. ఏం పెంపకమో! బాగా ఇంగ్లీషు వస్తే చాలు, పద్ధతి అక్కర్లేదు" అంది.

నేను తల ఊపాను.

అవును, ఊపాను. డోరిన్ ఎదురుగా నిలబడి ఉంది. "నేను" అంటే చాలు. ఆ ఒక్క మాట ఇంగ్లీషులో నాకు రాదా? పారాయణంలో నాకిచ్చే పెద్దపీట గుర్తొచ్చింది, పక్కన పద్మిని ముఖం కనిపించింది. నోరు తెరవలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో అందరితో కలిసి నామాలు కూడా చదివాను.

ఇంకొకటి. మొదటి ఉత్తరంలో నీకు రాయలేదు. ఆ రోజు కూడా పొయ్యి చుట్టూ తాడు ఉంది. మోకాలి ఎత్తున. పిల్లలు పడతారని కట్టారనుకున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని దాటాను.

దాని గది కిందే ఉంది. ఇంకా దానికి చెప్పలేదు.

హైమ

*

సర్రీ,
8 డిసెంబరు 2022

హైమా,

రెండు రోజులు కాగితం ముందు కూర్చుని లేచాను. చివరికి ఇలా తోచింది.

చెప్పకు. తొందరపడి నన్ను తిట్టకు, ముందు విను. పిల్ల తన మీద వేసుకుంది. ఇప్పుడు నువ్వు వెళ్ళి నేనంటే, అది వాళ్ళకి అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. తప్పు ఒకటి ఉన్నచోట రెండవుతాయి. కాలేజీ వాళ్ళు ఏమంటారో ఎవరికి తెలుసు. త్యాగరాజు సంగతి నేను చూసుకుంటాను. ఏదో చిన్న పొరపాటట, మళ్ళీ చేసుకోనిస్తారట అని సర్దిచెప్తాను. పిల్ల అక్కడే ఉంటుంది, నీ పరువూ ఉంటుంది. పసుపు రాసినందుకు ఎవరికీ ఉరిశిక్ష వేయరు.

"భక్తికి అడ్డేముంది" అని నీకు రాసింది నేనే. ఆ పిల్ల మీద త్యాగరాజుని ఎగదోసిందీ నేనే. అది కూడా నాకు తెలుసు. తెలిసే చెప్తున్నాను.

సరోజన

*

హామిల్టన్,
28 డిసెంబరు 2022

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక పూట హాయిగా ఉన్నాను. నువ్వు చెప్పావు కాబట్టి ఊరుకున్నాననుకోవచ్చు కదా. సాయంత్రం దీపం పెట్టబోతే అగ్గిపుల్ల వెలిగించలేకపోయాను. వెళ్ళి కావ్య తలుపు కొట్టాను.

అంతా చెప్పాను. అది మంచం మీద కూర్చుని, "నాకు తెలుసు కదత్తా, నేను చూశాను" అంది.

"చూస్తే కేక వెయ్యలేదేం?"

"నువ్వు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నావు. అప్పటికే రాసేశావు. నేను రెండు నిమిషాల ముందు లోపలికి వచ్చి ఉంటే ఆపేదాన్ని. డ్యూటీలో ఉన్నది నేనేగా?"

"నా పేరు చెప్పొచ్చుగా తల్లీ!"

"నీ కోసమని అనుకోకు. పేరు చెప్తే నిన్ను పిలుస్తారు. నువ్వు అక్కడ చీర కొంగు పట్టుకుని, ఇంగ్లీషు రాక, సారీ సారీ అంటూ ఉంటావు. మా క్లాసు వాళ్ళంతా చూస్తారు. నాకు సిగ్గేసింది. అందుకే నేనే అన్నాను. దానికి నువ్వు నన్ను పెద్ద త్యాగమూర్తిని చెయ్యకు" అంది. ఆ పైన ఏడ్చింది. "నాన్న అన్న మాటలు మాత్రం నావి కావత్తా. అవి మీవి" అంది.

అవును, మనవే.

ఆ ఆదివారం మీ మరిది తీసుకెళ్ళారు. ఆయన్ని కారులోనే ఉండమన్నాను. కావ్య వస్తానంది, దాన్నీ వద్దన్నాను. చీరే కట్టుకుని వెళ్ళాను. డోరిన్ గుమ్మం ముందు మంచు ఎత్తి పోస్తోంది. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. సారీ సారీ అనలేదు. "నేను రాశాను. తాడు దాటి రాశాను. పిల్ల కాదు. తర్వాత మళ్ళీ వచ్చాను, మీరు చెప్తుంటే విని ఊరుకున్నాను" అన్నాను.

ఆవిడ పార పక్కన పెట్టి ఎందుకని అడిగింది. మా ఇళ్ళల్లో గౌరవం అలా చూపిస్తామని చెప్పాను.

"మీ ఇంట్లో పూజగది ఉందా?"

"ఉంది."

"నేనొచ్చి మా గౌరవం ఇలా ఉంటుందని మీ దేవుడి మీద ఏదో పూస్తే?"

అక్కా, నేను అబద్ధమాడలేదు. రానివ్వనని చెప్పాను. నా సొంత మేనకోడలినే మడి అని గడప దాటనివ్వననీ, అది కంచం పట్టుకుని బయట నిలబడుతుందనీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "అయితే మీకు బాగానే తెలుసు" అంది.

అంతకంటే పెద్ద మాట నన్నెవరూ అనలేదు ఇంతవరకూ.

కాలేజీకి నిజం రాస్తానంది. రాసింది కూడా. కానీ ప్లేస్‌మెంట్ తిరిగి ఇవ్వలేదు. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. పైగా, "ఆ అమ్మాయి కూడా నాకు నిజం చెప్పలేదు, అది మా ఇద్దరి మధ్య లెక్క" అంది. కాబట్టి కావ్యకి ఈ టర్ము పోయినట్టే. వేసవిలో వేరేచోట మళ్ళీ చెయ్యనిస్తామని కాలేజీ వాళ్ళు అన్నారు. నేను చెప్పినందువల్ల దానికి పోయింది తిరిగి రాలేదు. మచ్చ ఒక్కటే పోయింది.

త్యాగరాజుకి నేనే ఫోను చేశాను. మొత్తం విన్నాడు. "నువ్వు ముందే చెప్పి ఉంటే నా కూతుర్ని అన్ని మాటలు అనేవాణ్ణి కాదక్కా" అన్నాడు. ఆ రోజు నాకు తెలియదురా అనబోయి ఊరుకున్నాను. తెలుసుకోకుండానే కదా నీకు రాసింది. జనవరి టికెట్టు మాట మానేశాడు. నాతో మాట్లాడటం కూడా మానేశాడు.

పారాయణంలో కూడా చెప్పాను. పద్మిని లేచి వెళ్ళి అందరికీ కాఫీ పెట్టింది. వచ్చే వారం ఎవరింట్లో అన్న మాట దగ్గర ఎవరూ నా వైపు చూడలేదు.

హైమ

*

సర్రీ,
9 జనవరి 2023

హైమా,

నా మాట విననందుకు కోపం వచ్చింది. ఎంతసేపో ఉండలేదు.

కావ్యకి నేనే ఒక ఉత్తరం రాశాను. దీనితోనే పెట్టాను. విప్పి చదవకు, అది దానికీ నాకూ. త్యాగరాజుకి వాసవి చేత ఫోను చేయించాను. ఈసారి అరవలేదు. "చాడీలు మోసింది నేనురా, హైమ అడిగింది సలహా మాత్రమే" అన్నాను. వాడు ఫోను పెట్టేయలేదు. అదే చాలు ఇప్పటికి.

మేలో భరద్వాజ్ టొరంటో వస్తున్నాడు. నన్నూ తీసుకురమ్మన్నాను. నువ్వు రాసిన ఆ ఊరు నాకు కూడా చూపించు.

సరోజన

*

హామిల్టన్,
3 మే 2023

అక్కా,

నువ్వు వచ్చేలోగా ఇది చేరుతుందనుకుంటాను.

కావ్య ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. కోపంతో కాదంది. కాలేజీ దగ్గర మరో నలుగురు అమ్మాయిలతో బేస్‌మెంట్ తీసుకుంది. వేసవి ప్లేస్‌మెంట్ నయాగరా వైపు ఒక హోటల్లో దొరికింది. నీ ఉత్తరంలో ఏం రాశావో చెప్పలేదు. జవాబు రాస్తున్నానని మాత్రం అంది. నాకు పది రోజులకోసారి ఫోను చేస్తుంది. "బాగున్నావా, తిన్నావా" అయ్యాక ఇద్దరికీ మాటలు దొరకవు. దొరికేదాకా ఫోను పట్టుకునే ఉంటున్నాం.

పోయిన వారం ఆ పాత ఊరికి వెళ్ళాను. చలికాలంలో కూడా రెండుసార్లు వెళ్ళాను. టికెట్టు కొనుక్కుని, అందరి వెనకాల నిలబడి వింటాను, వచ్చేస్తాను. రాళ్ళని కడగకూడదని వాళ్ళ పెద్దలు కూర్చుని తేల్చారట. పసుపు అలాగే ఉంది. కొంచెం వెలిసింది. మసి కింద మసి, పైన నా చెయ్యి. ఇంకెన్నాళ్ళుంటుందో వాళ్ళకీ తెలియదు.

ఆ రోజే ఒక బడి పిల్లలు వచ్చారు. ఆ పచ్చరంగేమిటని అడిగారు. దూరదేశం నుంచి వచ్చిన ఒకావిడ తన పద్ధతిలో దణ్ణం పెట్టి రాసిందని చెప్పింది డోరిన్. నేను వింటున్నానని ఆవిడకి తెలుసు. నా పేరు చెప్పమని ఒకసారి అన్నాను. "మీ పేరు మాకెందుకు" అంది.

ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తింది. "ముట్టుకోకూడదని ఆవిడకి తెలియదా?"

డోరిన్, "ఏమో. అడగలేదు" అంది.

ఎవరు ఎవరిని అడగలేదని కొందరు పిల్లలు అటూ ఇటూ చూశారు. నాకు అర్థమయింది.

నువ్వు వచ్చినప్పుడు తీసుకెళ్ళమన్నావు కదా. ఎవరైనా టికెట్టు కొని వెళ్ళొచ్చు, అడగక్కర్లేదు. అయినా పిల్లలు వెళ్ళాక ఆగి, మా అక్కని తీసుకురావచ్చా అని అడిగాను.

ఆలోచించి చెప్తానంది.

హైమ